తోమకూడని రాగి చెంబు

మా పక్క వాటా కెమిస్ట్రీ మేడమ్‌ను సమాధి చేసిన మూడో రోజున ఆవిడ ఇంటి దగ్గర ప్రార్థన కూడిక పెట్టారు. నేను ముందుగానే వెళ్లాను. కుర్చీలు సరిపడా వచ్చాయో లేదో, వచ్చినవాటిలో కాళ్లు విరిగినవి ఎన్నో చూసుకోకుండా నాకు ఎక్కడా కూర్చోవడం చేతకాదు. పెరట్లో కుళాయి దగ్గర ఆవిడ మేనకోడలు ఒక రాగి చెంబును చింతపండుతో రుద్దుతోంది. బయటి వైపు అప్పుడే కొత్తదానిలా మెరుస్తోంది.

"లోపల మచ్చలు వదలట్లేదు టీచర్ గారూ. అత్త దీన్ని ఎన్నాళ్ల నుంచి తోమలేదో ఏటో," అంది.

చెంబు అందుకుని వెలుతురుకి పెట్టి చూశాను. లోపలి గోడ నిండా పురుగు కొరికిన ఆకులాగా సన్నటి గుంటలు.

"అవి మచ్చలు కావమ్మా. అక్కడ రాగి లేదు. ఇంక తోమకు," అన్నాను.

ఆ పిల్లకు నా మాట అర్థం కాలేదు. వివరించే సమయం కూడా కాదు. చెంబును తుడిచి, అది ఎప్పుడూ ఉండే కిటికీ గూట్లో పెట్టి వచ్చాను.

కూడికలో పాస్టరు గారు ఆవిడ జీవితాన్ని కాగితం మీద రాసుకొచ్చి చదివారు. పుట్టింది పలాసలో, చదివింది విశాఖపట్నంలో, పాఠాలు చెప్పింది టెక్కలిలో. రిటైరైన సంవత్సరం ఒకటి ఎక్కువ చదివారు. ఆమెన్ అన్నాక వెళ్లి సరిచేశాను. ఆవిడ తేదీలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ వాటిని వరసగా పేర్చి చదివితే అందులో ఆవిడ ఎక్కడా కనపడలేదు. ఆవిడ కనపడేది ఎవరైనా నీళ్లు పారబోయబోతున్నప్పుడు.

టెక్కలిలో మావి పక్కపక్క వాటాలు. మధ్యన ఒకటే పెరడు, ఒకటే కుళాయి, ఒకటే జామచెట్టు. ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. బియ్యం కడిగిన నీళ్లు గానీ, చేపలు కడిగిన నీళ్లు గానీ, బట్టలు జాడించిన నీళ్లు గానీ, గిన్నె ఎత్తేసరికి ఆవిడ ఎక్కడున్నా ఒక ప్రశ్న వచ్చేది.

"ఏటి కరిగింది అందులో?"

జవాబు చెప్పాకే పారబోయాలి. బియ్యం నీళ్లయితే గంజి అని, బట్టల నీళ్లయితే సబ్బు, మురికి, చీర రంగు అని విడివిడిగా చెప్పాలి. ఊరికే "మురికి" అంటే ఒప్పుకునేవారు కాదు. మురికి అనేది పేరు కాదని, మనం పేరు కనుక్కోలేదని ఒప్పుకోవడమని అనేవారు. మా వైపు నీళ్లంటేనే మనుషులకు భయం. ఉద్దానం ఊళ్లలో కిడ్నీలు పాడైపోతుంటే నీళ్లలో ఏముందోనని అనుమానపడని ఇల్లు లేదు. అందుకని కొత్తగా పనిలో చేరిన ఒకామె ఆ ప్రశ్న విని, చంకలో బిందె అలాగే దించేసి, ఈ నీళ్లు తాగకూడదా అమ్మా అని అడిగింది. ఆవిడ ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ టీని చూపించి మళ్లీ అదే ప్రశ్న వేశారు. ఆ పనిమనిషి మర్నాడు రాలేదు.

టీ ఆవిడకు మొదటి పాఠం. పొడి మెత్తగా ఉంటే త్వరగా దిగుతుంది, నీళ్లు వేడిగా ఉంటే ఇంకా త్వరగా దిగుతుంది, కలిపితే మరీ త్వరగా దిగుతుంది, అక్కడే వదిలేస్తే అక్కర్లేని చేదు కూడా దిగుతుంది. ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయేది. ఆవిడ ఇంట్లో వేడి టీ తాగినవాళ్లు మా చర్చి సంఘంలో ఎవరూ లేరు.

ఆవిడ చదువు ఖనిజాల నుంచి లోహాలు తీసే చదువు. అందులోనూ నిప్పుతో కాక నీళ్లతో తీసే పద్ధతి. రాయిని కొలిమిలో వేసి కరిగించడం ఒక దారి. రాయిని పొడి కొట్టి, తగిన ద్రావకంలో నానబెట్టి, కావలసిన లోహాన్ని ఆ నీళ్లలోకి దింపి, మట్టిని వడకట్టేసి, తర్వాత ఆ నీళ్లలోంచి లోహాన్ని మళ్లీ బయటికి రప్పించడం రెండో దారి. ఈ రెండో దారికి వాళ్ల సిలబస్‌లో ఒకే ఒక్క చిన్న పాఠం ఉండేది. ఆవిడ దాన్ని దసరా సెలవుల దాకా సాగదీసేవారని పిల్లలు చెప్పుకునేవారు. ఎంత సాగదీసినా అందులో మూడే ప్రశ్నలు. ఏది కరిగింది, ఏది మిగిలింది, దేన్ని వెనక్కి రప్పించాలి. వంటకైనా చదువుకైనా ఆ మూడే.

సంఘంలో ప్రేమవిందు జరిగితే చారుకు చింతపండు పిసికే పని ఆవిడ ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఒకసారి పిండిన చింతపండును పారేయకుండా మళ్లీ నీళ్లు పోసి పిండేవారు. ఆ పలచటి రెండో నీళ్లను చారులో పోయకుండా, కొత్త చింతపండు నానబెట్టడానికి వాడేవారు. సారం లేని పిప్పికి మంచినీళ్లు, సారం ఉన్న పండుకి సారం ఉన్న నీళ్లు. పెద్ద పెద్ద కర్మాగారాల్లో లోహాన్ని నీళ్లలోకి దింపేది ఇలాగేనని, నీళ్లు ఒక వైపు నుంచి, రాతిపొడి రెండో వైపు నుంచి ఎదురెదురుగా నడుస్తాయని గరిటె తిప్పుతూ చెప్పేవారు. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు, మేడమ్ గారూ, మీ ఫేక్టరీ అయితే చారు పొంగించుకుంటాం, అని ఎగతాళి చేసేవారు. ఆవిడకు కోపం వచ్చేది కాదు. ఎగతాళి చేసినవాళ్లు విన్నట్టే లెక్క అనేవారు.

మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఒక లెక్క మీద. ఒకరోజు ఆవిడ సబ్బు పెట్టిన చీరను జాడిస్తున్నారు. ఉన్న నీళ్లన్నీ ఒకేసారి పోయకుండా మూడు వాటాలు చేసి, కొంచెం పోసి, పిండి, మళ్లీ కొంచెం పోసి పిండుతున్నారు. అవే నీళ్లయినప్పుడు ఒకసారి పోసినా మూడుసార్లు పోసినా తేడా ఏముంటుందని నేను అడిగాను. లెక్కలు చెప్పేది మీరు కదా, కట్టి చూడండి అన్నారు. పిండాక కూడా గుడ్డలో ఒక గ్లాసు నీళ్లు ఉండిపోతాయనుకుందాం. మూడు గ్లాసులు ఒకేసారి పోసి పిండితే సబ్బులో నాలుగో వంతు మిగులుతుంది. ఒక్కో గ్లాసు చొప్పున మూడుసార్లు పోసి పిండితే ఎనిమిదో వంతే మిగులుతుంది. నీళ్లు అవే, మిగిలే సబ్బు సగానికి సగం తక్కువ. మర్నాడు పొద్దున్నే వెళ్లి లెక్క ఆవిడ వైపే తేలిందని చెప్పాను. ఆవిడ అప్పుడే దాన్ని మర్చిపోయి, చింతచిగురు ఏరుకుంటున్నారు.

ఆవిడకు అన్నీ కుదిరాయని రాస్తే అబద్ధమవుతుంది. సముద్రపు ఒడ్డున అలలు వెనక్కి లాక్కున్న చోట నల్లటి ఇసుక చారలు పడతాయి. ఆవిడ ఆ ఇసుకను ఒక గాజు సీసాలోకి ఎత్తుకొచ్చి, వెనిగర్ పోసి, ఇందులోంచి లోహం దింపుతానని ఎండలో పెట్టారు. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. ఇసుక ఇసుకలాగే ఉంది, వెనిగర్ వెనిగర్‌లాగే ఉంది. ఏటి కరిగింది అందులో అని ఈసారి నేను అడిగాను. ఏమీ కరగలేదని, అది కూడా జవాబేనని, ప్రతి తాళానికీ మన బొడ్లో ఉన్న తాళంచెవి పట్టదని అన్నారు. అయినా ఆ సీసాను పారెయ్యలేదు.

సంఘం ఆడవాళ్లం నౌపడ వెళ్లినప్పుడు ఆవిడ ఉప్పు మడుల గట్టు మీద నిలబడి ఇలాగే పాఠం మొదలుపెట్టారు. ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు పైకి రావడం వెనక్కి రప్పించడంలో అన్నిటికన్నా తేలిక పద్ధతి. అయితే ఆఖరి దాకా ఎండబెట్టకూడదు. చివర మిగిలే నీళ్లలో చేదు లవణాలు ఉంటాయి. అవి కూడా పేరుకోకముందే ఆ నీళ్లను వదిలెయ్యాలి. అన్నీ కావాలనుకుంటే ఏదీ శుభ్రంగా రాదని గొంతు పెంచి చెబుతున్నారు. మడిలో ఉప్పు లాగుతున్న ముసలాయన పార ఆనించుకుని అంతా విన్నాడు.

"అంతా బాగానే సెప్పినావు గానమ్మా, కొంచెం పక్కకి జరుగు. నా మడికి ఎండ తగలట్లేదు," అన్నాడు.

ఆవిడ అందరికన్నా గట్టిగా నవ్వారు. రైల్లో తిరిగొస్తూ కూడా గుర్తు చేసుకుని నవ్వారు.

అలా నవ్వే మనిషి మాట లేకుండా కూర్చోవడం నేను ఒక్కసారే చూశాను. ఆ రాగి చెంబు కిటికీ గూట్లోకి వచ్చింది ఆ వారంలోనే.

మాకు చేపలు తెచ్చేది గురమ్మ. నౌపడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె ఆమెది. పుట్టిల్లు ఒడిశా సరిహద్దు పక్కనున్న డొంకూరు. కోపం వస్తే ఒడియాలో తిట్టి, నవ్వొస్తే తెలుగులోకి వచ్చేది. పొద్దున్నే ఆటోలో గంప వేసుకుని టెక్కలి వచ్చి, వీధులన్నీ తిరిగి, ఆఖరున మా పెరట్లో చేపలు కోసి, కడిగి ఇచ్చేది. చేపలు కడిగిన నీళ్ల గిన్నె పట్టుకుని లోపలి నుంచి ప్రశ్న వచ్చేదాకా ఆగి, సేప నెత్తురు, ఉప్పు అని అరిచి, అప్పుడు జామచెట్టు మొదట్లో పోసేది. ఆమెకు అది పూజలో గంట కొట్టినంత అలవాటైపోయింది.

ఆవిడ రిటైరైన తర్వాత సంగతి ఇది. ఒకరోజు గురమ్మ వచ్చింది గానీ గంపలో చేపల్లేవు. గంప మధ్యలో గడ్డి కుదురు మీద ఒక రాగి చెంబు, మూతికి పాలిథిన్ కవరు కట్టి ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా జామచెట్టు దగ్గరికి వెళ్లి కవరు విప్పింది. నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను. ఆవిడ లోపలి నుంచి వస్తూనే అలవాటు ప్రకారం అడిగారు.

"ఏటి కరిగింది అందులో?"

"పసుపే మేడమ్మా. పుస్తెలు కడిగిన నీలు. తొక్కుడు పడని సోటు మీ సెట్టు మొదలే. పోసీసి, సెంబు తోముకొని ఎల్లిపోతాను. కొంచెం సింతపండెట్టండి."

"పసుపు నీళ్లు నెమలి మెడ రంగులో ఎందుకున్నాయే?"

గురమ్మ చెంబు మూతికి కొంగు అడ్డం పెట్టింది. ఆవిడ వెళ్లి ఆమె చేతుల్లోంచి చెంబు తీసుకుని నేల మీద పెట్టి, తర్వాత గురమ్మను కూడా దాని పక్కన కూర్చోబెట్టారు.

జరిగింది ఇది. ముందు రోజు పల్లెకి ఇద్దరు మనుషులు వచ్చారు. మొదట ఇత్తడి బిందెలకు, వెండి పట్టీలకు ఊరికే మెరుగు పెట్టి చూపించారు. తర్వాత బంగారం అడిగారు. గురమ్మ మెడలోని రెండు పుస్తెలూ తీసి ఇచ్చింది. వాళ్లు ఒక ప్లాస్టిక్ మగ్గులో ఏదో పోసి, పైన పసుపు చల్లి, పుస్తెలు అందులో ముంచారు. ఇలాంటివాళ్లు పుస్తెలు తిరిగి ఇచ్చేసి ఆ నీళ్లను తమతో పట్టుకుపోతారు. ఆ రోజు అదే సమయానికి వేటకి వెళ్లిన పడవలు ఒడ్డుకు వచ్చి, మగవాళ్లు అరుచుకుంటూ ఇళ్ల వైపు రావడంతో, మగ్గు అక్కడే వదిలేసి పరిగెత్తారు. పుస్తెలు తీసి చూస్తే రేకుల్లాగా పలచబడి ఉన్నాయి.

పుస్తెలు మునిగిన పసుపు నీళ్లు కాళ్ల కింద పడకూడదు. ఎవరో దొంగ తెచ్చిన ప్లాస్టిక్ మగ్గులో ఉంచకూడదు. అందుకని గురమ్మ వాటిని గంగమ్మకు నీళ్లిచ్చే రాగి చెంబులోకి వంచి, పొద్దున్నే సముద్రంలో కలుపుదామని మూల పెట్టింది. పొద్దున చూస్తే పసుపు రంగు పోయి ఆకుపచ్చ తేలింది. చెంబు లోపలంతా గోధుమరంగు బురద అంటుకుంది. చెడిపోయిన నీళ్లు గంగమ్మకు పోస్తే వేటకి వెళ్లినవాళ్లకు ఏమవుతుందోనని భయపడి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మా పెరట్లోకి తెచ్చింది.

"ఆల్లనేటని తిడతాను? నా సేతుల్తో నానే ఇచ్చినాను," అంది. "ఒకటి అత్తోరెట్టింది. ఒకటి మా యమ్మది. మా యమ్మది మొదట్నించీ పలసనే. దాన్నే ఎక్కువ తినీసింది."

వాళ్ల అమ్మ పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. కూతురి పెళ్లినాడు చేపల పులుసు దగ్గర వియ్యాలవారితో మాటా మాటా వచ్చి, ఆ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుని, చచ్చిపోయేదాకా తొక్కని మనిషి. డొంకూరులో ఆమె గుడిసె కూడా ఇప్పుడు లేదు. గురమ్మకు మిగిలింది ఆ పుస్తె ఒక్కటే. రేకులాంటి ఆ రెండు ముక్కల్నీ కొంగు ముడి విప్పి చూపించింది. ఒకదాని కొక్కెం తెగిపోయి ఉంది.

ఆవిడ చెంబులోకి వంగి చాలాసేపు చూశారు.

"ఇది తోమకు. ఒక్క చుక్క కూడా పారబోయకు. నీ బంగారం ఎక్కడికీ పోలేదు. ఇందులోనే ఉంది," అన్నారు.

"మా యమ్మది వస్తాదా?"

"బంగారం వస్తుంది," అన్నారు ఆవిడ. అడిగినదానికి అది జవాబు కాదని నాకు అప్పుడే తెలిసింది. గురమ్మకు తెలియలేదు.

ఆ సాయంత్రం నాకు చెప్పారు. బంగారం ఏ ఆమ్లానికీ ఒంటరిగా లొంగదు. రెండు రకాలు కలిపితే లొంగి నీళ్లలోకి దిగిపోతుంది, కంటికి కనపడదు. వాళ్లు తెచ్చింది ఆ మిశ్రమం. గురమ్మ దాన్ని ప్లాస్టిక్‌లోనే ఉంచినా, ఇసుకలో పోసినా కథ వేరేగా ఉండేది. దేవతకు ఇచ్చే నీళ్లు కదా అని రాగిలో పోసింది. నీళ్లలో ఉండటానికి రాగి బంగారం కన్నా ఎక్కువ ఇష్టపడుతుంది. రాగి దిగింది, బంగారం దానికి చోటు ఖాళీ చేసి బయటికి వచ్చేసింది. ఆ ఆకుపచ్చ రంగు చెంబుది. ఆ గోధుమరంగు బురద పుస్తెలది. ఇదంతా చెప్పి, ఎప్పటిలాగా నవ్వకుండా, నేను దీన్ని జన్మలో చేసి చూడలేదు టీచరూ, బోర్డు మీద బాణం గుర్తు వేసి అటూ ఇటూ సమీకరణం రాశానంతే, అన్నారు. ఆ మాట గురమ్మకు కూడా చెప్పారు. చెప్పకుండా మొదలుపెట్టలేదు.

తర్వాతి రోజుల్లో ఆ పెరట్లోకి నన్ను, గురమ్మను తప్ప ఎవరినీ రానివ్వలేదు. బురద పూర్తిగా అడుక్కి చేరేదాకా చెంబును కదపలేదు. పైనున్న ఆకుపచ్చ నీళ్లను గాజు సీసాలోకి నెమ్మదిగా వంచారు. గోడకు అంటుకున్నదాన్ని కోడి ఈకతో దించారు. సీసాలోని నీళ్లలో ఇంకేమైనా మిగిలిందేమోనని మందుల దుకాణం నుంచి అన్నభేది అనే ఇనుప లవణం తెప్పించి, కరిగించి పోశారు. తేటగా ఉన్న నీళ్లు మసకబారి, ఇంకొంచెం గోధుమరంగు పొడి కిందికి దిగింది. అంతా కలిపి పాత వాయిల్ చీర ముక్కలో వడగట్టి, ఆ పొడిని కడిగారు. నీళ్లన్నీ ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా. మా పాత లెక్క ప్రకారం. పోస్తూ నా వైపు చూశారు. నేను తల ఊపాను. పొడిలో కలిసివున్న రాగి నలుసులు పోవడానికి ఒక్క రకం ఆమ్లం వేశారు. రాగి కరిగింది, బంగారం కరగలేదు. మళ్లీ కడిగారు. కడిగిన ప్రతి నీళ్లనూ విడిగా సీసాలో పోసి ఉంచారు. అనుమానం తీరేదాకా ఏదీ పారబోసే ప్రశ్న లేదు.

చివరికి కాగితం మీద ఆరినదాన్ని చూసి గురమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఇదా బంగారం? మా అత్త ముక్కుపొడి డబ్బాలో ఇంతకన్నా మెరుపుంటాది."

"మీ అత్తకు ఇవ్వకు. పీల్చేస్తుంది," అన్నారు ఆవిడ. ముగ్గురం నవ్వాం. కానీ ఆవిడ ఆ కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచారు. ఒకవేళ అది నిజంగా ముక్కుపొడే అయితే, కరిగిపోయిన అమ్మ వస్తుందని గురమ్మకు ఆశపెట్టి మళ్లీ పోగొట్టినట్టవుతుంది. ఆ భయం ఆవిడ బయటికి అనలేదు. ఆ రోజు టీ పెట్టి, పాఠం చెప్పకుండా ఇచ్చారు. వేడిగానే తాగాం.

మర్నాడు ముగ్గురం బజారులో బంగారం పని చేసే ఆచారి గారి దగ్గరికి వెళ్లాం. ఆయన పొడిని వేలి మీద రుద్ది చూశాడు. రాగి రేకు వేసి బంగారం దించడం తనకు తెలిసిన పనేనని, గంగమ్మ చెంబుతో దించినవాళ్లను మాత్రం ఇప్పుడే చూస్తున్నానని అన్నాడు. పొడిని చిన్న మూసలో పోసి, వెలిగారం చల్లి, మంట పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. పొడి ముడుచుకుంది, నల్లబడింది. గురమ్మ కళ్లు మూసుకుంది. ఆవిడ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. అప్పుడు ఆ ముడతలన్నీ ఒక్కసారిగా దగ్గరికి లాక్కుని, గుండ్రంగా, మెరుస్తూ ఒక చుక్క నిలబడింది. పెసరగింజ కన్నా కొంచెం పెద్దది.

అంత మాటకారి మనిషి ఒక్క మాట అనలేదు. కళ్లజోడు పెట్టుకోవడం కూడా మర్చిపోయి, అక్కడి బల్ల మీద కూర్చుండిపోయారు.

మాట్లాడింది గురమ్మే. ఆ చుక్క చల్లారాక అరచేతిలో పెట్టుకుని అడిగింది. "ఇది మా యమ్మదేనా మేడమ్మా?"

ఆచారి గారు మంచివాడు. "మీ యమ్మదే అనుకో తల్లీ," అన్నాడు.

"అనుకోకూడదు," అన్నారు ఆవిడ. "రెండూ ఒకే నీళ్లలోకి దిగాయి గురమ్మా. ఇందులో ఏది మీ అమ్మదో, ఏది అత్తవారిదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. రప్పించగలిగింది ఇంతే."

ఆ మాట అనకపోయినా గడిచిపోయేది. అన్నాక గురమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆ చుక్కను అటూ ఇటూ దొర్లించి చూసింది. తర్వాత దాన్ని ఆచారి గారి బల్ల మీద పెట్టింది.

"ఐతే రెండు ముక్కలు సేసీండి బావూ. దానికో ముక్క, దీనికో ముక్క ఎక్కించీండి," అంది. కొంచెం ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సచ్చిందాకా ఆ గుమ్మం తొక్కనంది మా యమ్మ. ఇప్పుడు అత్తోరి పుస్తెలోకే ఎల్లి కూకుంటాది."

ఆవిడ అప్పుడు కళ్లజోడు పెట్టుకున్నారు.

గంగమ్మకు గురమ్మ కొత్త చెంబు కొనుక్కుంది. గుంటలు పడ్డ పాతదాన్ని పూజకు వాడకూడదని ఆవిడ దగ్గరే వదిలేసింది. ఆవిడ దాన్ని ఏ పనికీ వాడలేదు. నల్ల ఇసుక సీసా పక్కన పెట్టుకున్నారు. ఒకదాంట్లో ఏమీ కరగలేదు, ఒకదాంట్లో కరిగి వచ్చింది, రెండూ ఉండాలి అనేవారు. ఆ తర్వాత కూడా ఆవిడ మారలేదు. బంగారం సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదు గానీ, చింతపండు గురించి చెప్పడం మానలేదు.

కూడిక అయిపోయి అందరూ లేస్తున్నప్పుడు గురమ్మ వచ్చింది. ఈమధ్య వారానికోసారే టెక్కలి వస్తున్న ఆమెకు ఎవరూ కబురు పెట్టలేదు. ఆ పూట ఆటోవాడు చెబితే, అమ్మకానికి తెచ్చిన చేపల గంపతో అలాగే దిగిపోయింది. లోపలికి వెళ్లి ఆవిడ ఫొటో ముందు నిలబడి, ఒడియాలో ఏదో అంది. తిట్టిందో మొక్కిందో నాకు తెలియదు. మెడలో రెండు పుస్తెలూ ఉన్నాయి. ఏది ఏదో నేనైతే చెప్పలేను.

తర్వాత గంప పెరట్లోకి తెచ్చుకుంది. ఈ పూట ఇవి అమ్మనని, వచ్చినవాళ్లకు వండమని చెప్పి, కుళాయి దగ్గర కూర్చుని చేపలు కోసింది. కోసి, కడిగింది. కడిగిన నీళ్ల గిన్నె ఎత్తుకుని జామచెట్టు దగ్గరికి నడిచింది. అక్కడ ఆగిపోయింది. గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఇంటి వైపు తిరిగి, అలాగే నిలబడింది.

మేనకోడలికి అర్థం కాలేదు. ఎందుకు ఆగిపోయావని అడగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏటి కరిగింది అందులో?" అన్నాను నేను.

"సేప నెత్తురు, ఉప్పు," అంది గురమ్మ. "తీసేదేటీ లేదు లెక్కలమ్మా. పోసీనా?"

"పోసీ," అన్నాను.